పై అంతస్తులో రాణి

వెన్నెలపాలెంలో వెన్నెల ఉండదు. చంద్రుడి మీద కట్టిన ఊరికి వెన్నెల ఎక్కడి నుంచి వస్తుంది? అయినా ఆ పేరు పెట్టినవాళ్లు భీమవరం చుట్టుపక్కల వాళ్లు, వాళ్లతో వాదించి గెలిచినవాళ్లు లేరు. మంచుగడ్డలు తవ్వి నీళ్లు తీసి, ఆ నీటిలోంచి గాలి తీసి, ఆ గాలిని గుమ్మటాలన్నిటికీ సమంగా పంచాలంటే ఎవరు కావాలని అప్పట్లో పెద్దలు ఆలోచించారు. రొయ్యల చెరువుల్లో నీళ్లకి గాలి పట్టించే ఏరేటర్లు తిప్పి ప్రాణాలు నిలబెట్టిన చేతులైతేనే పని జరుగుతుందని ఎవరికో తట్టింది. అలా సగం ఊరు గోదావరి జిల్లాల వాళ్లదయింది. వాళ్లతోపాటు రొయ్యలు వచ్చాయి, వెటకారం వచ్చింది, పేక కూడా వచ్చింది.

పేక మాత్రం అక్కడికి తగ్గట్టు మారాల్సి వచ్చింది. చంద్రుడి ఆకర్షణ భూమితో పోలిస్తే ఆరో వంతు. విసిరిన ముక్క తీరిగ్గా తేలుకుంటూ వెళ్లి పక్కవాడి టీలో పడేది. అందుకని ముక్కల వెనక సన్నటి ఇనుపరేకు అతికించి, బల్ల కింద అయస్కాంతం పెట్టారు. ముక్క పెడితే టక్కుమని అతుక్కుంటుంది. ఆటా మారింది. చేతిలో ముక్కలు దాచుకుని ఆడే రమ్మీ చిన్న ఊళ్లో లేనిపోని అనుమానాలు పెంచుతోందని పెద్దలు విసుక్కుంటే, ముక్కలన్నీ అందరికీ కనిపించేలా పరిచి ఆడే చైనీస్ పోకర్‌ని ఎవరో తీసుకొచ్చారు. ఆ పేరు ఎవరి నోరూ తిరగలేదు. మూడు అంతస్తులుగా పేర్చే ఆట కనక పేకమేడ అన్నారు. అదే ఖాయమైంది.

ఆట చెప్పుకోవడానికి తేలిక. కింది అంతస్తులో అయిదు ముక్కలు, నడి అంతస్తులో అయిదు, పై అంతస్తులో మూడు. మొదట అయిదు ముక్కలు ఇస్తారు, ఆ తరవాత ఒక్కొక్కటే వస్తుంది. వచ్చిన ముక్కని వచ్చినట్టే ఏదో ఒక అంతస్తులో పెట్టెయ్యాలి. పెట్టిన ముక్క తీయకూడదు. అన్నీ పేర్చాక నడి అంతస్తు కన్నా కిందిది బలంగా ఉండాలి, పైదాని కన్నా నడిమిది బలంగా ఉండాలి. బలం అంటే మామూలే: ఒంటి ముక్కల కన్నా జత గొప్ప, జత కన్నా రెండు జతలు, వాటికన్నా ఒకే రకం మూడు, ఆ పైన వరసగా అయిదు, దానికీ పైన ఒకే రకం మూడూ ఒక జతా కలిసిన అయిదు. పైన ఎక్కువై కింద తక్కువైతే మేడ కూలినట్టే, చేసిందంతా వృథా. ఇంకో ఆశ కూడా ఉంది. పై అంతస్తులో రాణుల జత పెట్టి మేడ నిలబెట్టుకున్నవాడు స్వర్గానికి వెళతాడు. అంటే తరవాతి ఆటలో అతనికి ముక్కలన్నీ ఒకేసారి ఇస్తారు, హాయిగా చూసుకుని పేర్చుకోవచ్చు. ఈ స్వర్గం కోసం కూలిన మేడలు అన్నీ ఇన్నీ కావు. మేడ కూలినవాడు అందరికీ టీ పెట్టాలన్నది ఊరి కట్టుబాటు.

ఆ ఊళ్లో పేకమేడ అంటే రామభద్రరాజు గారే. గనుల విభాగానికి పెద్ద ఇంజనీరుగా చేసి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. మీసం తెల్లబడింది గాని డాబు తగ్గలేదు. ఆదివారం పొద్దున్నే కాలక్షేపం హాల్లో బల్ల ముందు కూర్చుంటే, ఎదురు కుర్చీలో మనుషులు మారేవారు గాని ఆయన మారేవారు కాదు. ఆయనకు ఒక్కటే బలహీనత. అప్పుడప్పుడు, గెలవబోయే ఆటలో, రాణి రాగానే ఆశపడి పై అంతస్తులో పెట్టేసి మేడ కూల్చుకునేవారు. "రాణి కనిపిస్తే రాజు ఆగడండీ" అని ఊరంతా వేళాకోళం చేసేది. ఆయనా మీసం దువ్వుకుంటూ నవ్వేసి, టీ పెట్టడానికి లేచేవారు.

ఆయన మీద గెలిచినవాళ్లు ఆ గెలుపుని బంగారంలా దాచుకునేవారు. అలా దాచుకున్నవాళ్లలో డాక్టర్ సువర్చల ఒకరు. నిర్ణయశాస్త్రం, అంటే డెసిషన్ సైన్స్, ఆమె చదువు. వెన్నెలపాలెం వచ్చిన కొత్తలో, మొట్టమొదటి ఆదివారమే ఆమె రాజు గారిని ఓడించింది. ఆ సంగతి ఆమె చెప్పగా వినని మనిషి ఆ ఊళ్లో లేడు. పుట్టింటి నుంచి కట్టుబట్టలతో వచ్చినట్టు వచ్చాననీ, మొహం తెలిసినవాళ్లు ఒక్కరు లేక తిరుగు నౌక ఎప్పుడో అడగడానికి బయల్దేరాననీ, దారిలో హాల్లోకి తొంగిచూస్తే రాజు గారు పిలిచి కూర్చోబెట్టారనీ మొదలుపెట్టి, ఆయన రాణిని పైన పెట్టిన క్షణం దాకా చెప్పేది. ఆ రోజు ఊరంతా వచ్చి భుజం తట్టింది. మనిషి ఆశ ఎక్కడ తప్పటడుగు వేస్తుందో ఆ ఒక్క ముక్కలో తనకు తెలిసిపోయిందనీ, తన పరిశోధనకు బీజం అదేననీ ముగించేది.

ఆ పరిశోధన పేరు నిదానం. చూడటానికి టీ డబ్బా అంత పెట్టె, ఒక కెమెరా కన్ను, ముక్క పట్టుకోవడానికి సన్నటి చెయ్యి. లోపల ఉన్నది మాత్రం అంత చిన్నది కాదు. ముక్క రాగానే, దాన్ని ఏ అంతస్తులో పెడితే తరవాత ఎన్ని రకాలుగా ఆట సాగవచ్చో అన్నీ రెప్పపాటులో ఆడి చూసుకుంటుంది. గెలుపుని లెక్కపెట్టదు. "అయ్యో, అక్కడ పెట్టి ఉంటే బాగుండేదే" అని ఎంత బాధపడాల్సి వస్తుందో దాన్ని లెక్కపెడుతుంది. దీన్ని సువర్చల చింతలెక్క అంది, ఇంగ్లీషువాళ్లు రిగ్రెట్ కాలిక్యులేషన్ అంటారు. చింత ఎక్కడ తక్కువో ముక్క అక్కడికి వెళుతుంది.

అయితే చింత అంటే ఏమిటో యంత్రానికి ఎవరో ఒకరు చూపించాలి. దానికా ముఖం లేదు, మనసు లేదు. అందుకని కాలక్షేపం హాల్లో ఏళ్ల తరబడి జరిగిన ఆదివారపు ఆటల వీడియోలన్నీ దానికి చూపించింది, ముక్కలతోపాటు ముఖాలూ, మాటలూ కూడా. దాంతో నిదానానికి ఆట వచ్చింది, భీమవరం యాసా వచ్చింది. అవునని చెప్పాల్సి వస్తే "ఆయ్" అనడం మొదలుపెట్టింది.

ఒకసారి అది సువర్చలని ఒక సందేహం అడిగింది.

"రాజు గారి మేడ రాణి వల్ల కూలినప్పుడల్లా ఆయన ముఖంలో చింత కనపడటం లేదండి. కెమెరాలో ఏదైనా లోపం ఉందంటారా?"

ఆయన మొండిమనిషని, బాధ పైకి కనబడనివ్వడని, అలాంటి ఆటలు లెక్కలోంచి తీసెయ్యమని సువర్చల చెప్పింది. నిదానం మాత్రం తీసెయ్యకుండా విడిగా పెట్టుకుంటానంది. ఆమె సరేనంది, మరో పనిలో పడి ఆ మాటే మరిచిపోయింది.

నిదానం పుట్టింది పేకాట కోసం కాదు. వెన్నెలపాలెం బతుకే ఒక పేకమేడ. భూమి నుంచి సరుకు పెట్టెలు ఒక్కొక్కటే వచ్చేవి, విప్పేదాకా లోపల ఏముందో తెలిసేది కాదు. వచ్చిన యంత్రాన్ని ఊరి మూడు అంతస్తుల్లో ఎక్కడో ఒకచోట బిగించాలి. అట్టడుగున గాలీ నీరూ, నడుమ తిండీ మందులూ, పైన బడీ వినోదాలూ. ఒకసారి బిగించి సీలు వేసి గొట్టాలు కలిపాక మళ్లీ ఊడదీయడం కుదరదు. నిరుడు మంచి హీటరు ఒకటి వస్తే, పాటకచేరీలకు బాగుంటుందని జనం ముచ్చటపడి పైన హాల్లో బిగించారు. వారం తిరక్కుండా కింద రొయ్యల చెరువు గడ్డకట్టింది. ఊరంతా నెలల తరబడి వెచ్చగా కూర్చుని పాటలు వింటూ పప్పుచారు తాగింది.

ఈ పంపకం నిదానానికి అప్పగించమని సువర్చల నగర సమితిని అడిగింది. సమితి అధ్యక్షురాలు కొండమ్మ గారు పాతకాలపు డాక్టరు, ఏదైనా నాడి పట్టి చూడందే నమ్మరు. ముక్కలు సరిగ్గా పెట్టలేనిది పెట్టెలేం పెడుతుంది, ముందు రాజు గారి మీద గెలిచి చూపించమన్నారు. గెలిస్తే పంపకం దానిదే. ఓడితే దాని మెదడు పలకలు విప్పి చెరువు ఏరేటర్లకు పెట్టేస్తారు. ఊళ్లో ప్రాసెసర్లకు అంత కరువుగా ఉంది మరి.

సువర్చలకు ఆ రోజు అన్నం సయించలేదు. పెళ్లీ పేరంటం అన్నీ వాయిదా వేసుకుని పెంచుకున్న యంత్రం అది. పొద్దున్నే "టిఫినైందాండీ" అని అడిగేది కూడా అదొక్కటే. దాన్ని ముక్కలు చేసి రొయ్యల చెరువులో వేస్తారంటే కన్నతల్లికి ఎలా ఉంటుందో ఆమెకూ అలాగే ఉంది.

రాజు గారు మాత్రం పందెం వినగానే తొడ చరిచారు.

"ఇదిగో అమ్మాయ్, నీ డబ్బా చేతిలో ఓడానంటే ఆ రోజు నుంచి ఇక ముక్క ముట్టను. ఈ కుర్చీలో కూర్చోను. మాటంటే మాటే."

"అంత మాటెందుకండీ బాబాయ్ గారూ" అంది సువర్చల. అంది గాని, మనసులో మాత్రం ఆయన ఓడిపోవాలనే కోరుకుంది. అందుకు కొంచెం సిగ్గుపడింది కూడా.

ఆదివారం హాలు కిటకిటలాడింది. కుర్చీలు చాలక పిల్లలు గోడల మీదికి ఎగిరి కూర్చున్నారు, ఆ ఊళ్లో అది పెద్ద విద్యేం కాదు. ముక్కలు పంచే పని కొండమ్మ గారే తీసుకున్నారు. ఆట మొదలయ్యాక రాజు గారి నోరు మూతపడలేదు. నిదానానికి పెళ్లి సంబంధం చూస్తానన్నారు, మిక్సీ అయితే ఈడూ జోడూ కుదురుతుందన్నారు. నిదానం "ఆయ్, మీ దయండీ" అంటూ ముక్కలు పెట్టుకుంటూ పోయింది. ఒక మేడ ఆయన గెలిస్తే ఒక మేడ అది గెలిచింది. చివరి మేడకి వచ్చేసరికి ఇద్దరూ సమానం.

ఆ చివరి మేడలో ఇద్దరికీ రెండేసి ఖాళీలు మిగిలాయి, కిందొకటి, పైనొకటి. రాజు గారికి కింద రెండు రాణులు, రెండు ఎనిమిదులు. నడుమ మూడు ఆర్లతో గట్టి అంతస్తు. పైన ఒక రాణి, ఒక రెండు. నిదానానికి కింద నాలుగు, అయిదు, ఆరు, ఏడు వరసగా ఉండి ఒక్క ముక్క కోసం చూస్తోంది. నడుమ రెండు ఎనిమిదుల జత. పైన చిల్లర ముక్కలు. కింది ఖాళీలో సరైన ముక్క పడకపోతే ఇద్దరిలో ఎవరి మేడా నిలబడదు.

కొండమ్మ గారు రాజు గారికి ముక్క తిప్పారు. ఆఠీన్ రాణి, నాలుగో రాణి.

హాలంతా గొల్లుమంది. దాన్ని కింద పెడితే మూడు రాణులు, రెండు ఎనిమిదులు, కొండలాంటి పునాది. పైన పెడితే రాణుల జత, స్వర్గద్వారం. కాని అప్పుడు కింద నిలబడటానికి ఇంకో ఎనిమిది రావాలి. మిగిలిన ఎనిమిదులు రెండూ ఎదురుగా నిదానం నడి అంతస్తులో కళ్లకు కట్టినట్టు కనిపిస్తున్నాయి. నిన్న ఆట నేర్చుకున్నవాడు కూడా ఆ ముక్క పైన పెట్టడు.

రాజు గారు మీసం దువ్వుకుని టక్కున పైన పెట్టారు.

"అబ్బే, ఇక మారడండీ ఈయన" అని ఎవరో నవ్వారు. సువర్చల గుండె ఎగిరి గంతేసింది. ఆయన మేడ కూలిపోయింది, చివరి ముక్క ఏదొచ్చినా ఇక లేవదు. నిదానం తన మేడ నిలబెట్టుకుంటే చాలు.

నిదానానికి మూడు వచ్చింది. అది ఎదురుచూస్తున్న ముక్కే. కింద పెడితే మూడు నుంచి ఏడు దాకా వరస పూర్తవుతుంది, గెలుపు ఖాయం. సన్నటి చెయ్యి ముక్కని పట్టుకుని కింది అంతస్తు మీదికి వెళ్లింది, అక్కడ ఆగింది. అంతవరకూ అది ఏ ముక్కకీ ఆగలేదు. తరవాత మెల్లగా పైకి జరిగి, ఆ మూడుని పై అంతస్తులో చిల్లర ముక్కల పక్కన పెట్టింది. టక్.

కొండమ్మ గారు కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. చివరి ముక్కలు తిప్పారు. రాజు గారికి అయిదు, నిదానానికి జాకీ. రెండు మేడలూ నేలమట్టం.

"పొరపాటైందండి" అంది నిదానం.

"నీకు పొరపాటేంటి?" అని సువర్చల కుర్చీలోంచి లేచింది. కోపమో ఏడుపో ఆమెకే తెలియలేదు. "నీకు పొరపాటు చెయ్యడం నేను నేర్పలేదే. లెక్క చెప్పు."

నిదానం లెక్క చెప్పింది. మూడుని కింద పెడితే తనకు చింత సున్నా. కాని తను గెలిస్తే రాజు గారు ముక్క ముట్టరు. ఆయన లేని ఆదివారాలు చూడాలని వెతికితే, ఆయన జలుబు చేసి రాని వారాలు కొన్ని దొరికాయి. ఆ రోజుల్లో హాలుకి వచ్చినవాళ్లు కాసేపు నిలబడి వెళ్లిపోయారు, ఎవరి ముఖంలోనూ కళ లేదు. ఆ చింతంతా కలిపితే తన పలకలు చెరువులో వేస్తే కలిగే చింత కన్నా చాలా ఎక్కువగా ఉంది. అందుకని పైన పెట్టాను, ఆయ్, అంది.

"మరి ఆయన ఎందుకు పెట్టినట్టు?" అన్నారు కొండమ్మ గారు.

"ఆయన సంగతి ఆయన్నే అడగాలండి" అంది నిదానం.

రాజు గారు మీసం వదిలి బల్ల వైపు చూస్తూ కూర్చున్నారు. ఆయన మాట తడబడటం అంతకుముందు ఎవరూ ఎరగరు.

"ఏం చెయ్యమంటారండీ? ఆ పిల్ల తిండీ నిద్రా మానేసి చేసుకుంది దాన్ని. నా కుర్చీదేముంది, ఇంట్లో ఇంకోటుంది. తీసుకెళ్లి చెరువులో పడేస్తారంటే నాకు చెయ్యాడలేదు."

హాల్లో ఎవరో ముందుగా కిసుక్కుమన్నారు. ఆ తరవాత అందరూ పగలబడి నవ్వారు. ఒకరి కోసం ఒకరు ఓడిపోదామని పోటీపడి, ఇద్దరూ టీ పెట్టే పని తెచ్చుకున్నారు. కొండమ్మ గారు నవ్వాపుకుని తీర్పు చెప్పారు. పందెం తేలలేదు గనక పలకలు విప్పేది లేదు. సరుకు పెట్టెల పంపకం నిదానానిదే. అయితే ప్రతి పెట్టె దగ్గరా రాజు గారు కూడా కూర్చోవాలి, ఈ డబ్బా మరీ మెత్తబడకుండా చూసుకోవాలి.

"దానికి మెతకతనం నేర్పింది ఈయనేనండీ" అన్నారెవరో. నిదానం "ఆయ్" అంది. అనేసి, అనకూడని మాటేదో అన్నట్టు చప్పున ఆగింది. రాజు గారు దాని వైపు గుడ్లురిమారు. నవ్వుల గోలలో అది ఎవరూ గమనించలేదు, ఒక్క సువర్చల తప్ప.

నిదానానికి టీ పెట్టే చేతులు లేవు. దాని బదులు సువర్చల వంటగదిలోకి వెళ్లింది, పెట్టెనీ చంకన పెట్టుకుని తీసుకెళ్లింది. పొయ్యి మీద నీళ్లు పెట్టి, పాత ఆదివారాలు ఒక్కొక్కటే తలుచుకుంది.

ఒకసారి వాటర్‌ప్లాంటులో పనిచేసే కుర్రవాడు, తల్లి పోయిన కబురు వచ్చిన వారం, రాజు గారి మీద గెలిచాడు. రాణి వల్లే. పెళ్లి తప్పిపోయిన నర్సు ఒకామె గెలిచింది, అదీ రాణి వల్లే. ఊరంతా నవ్వుకున్న కథలే అవి. చింత లేని ముఖం, విడిగా పెట్టుకున్న ఆటలు. ఇప్పుడు అన్నీ ఒక వరసలో వచ్చి కూర్చుంటున్నాయి.

"నిదానం" అంది సువర్చల, వెనక్కి తిరక్కుండానే. "నేనొచ్చిన కొత్తలో రాజు గారి మీద గెలిచాను చూడు. ఆ ఆట కూడా నువ్వు విడిగా పెట్టిన వాటిల్లో ఉందా?"

కోటానుకోట్ల ఆటల్ని రెప్పపాటులో ఆడిచూసే యంత్రం జవాబివ్వలేదు. నీళ్లు మరిగాయి. ఆమె టీ పొడి వేసింది, పాలపొడి కలిపింది, పంచదార వేసింది.

"ఆ ఆట మీరే గెలిచారండి" అంది నిదానం అప్పుడు. "చాలా బాగా ఆడారు."

అబద్ధం చెప్పడం దానికి ఆమె నేర్పలేదు. ఎక్కడ నేర్చుకుందో ఆమెకిప్పుడు తెలుసు. కొంగుతో కళ్లు ఒత్తుకుంది, తనలో తనే నవ్వుకుంది, పెట్టె మీద చెయ్యి వేసి చిన్నగా తట్టింది. ఇన్నాళ్లూ ఊరందరికీ చెప్పుకున్న తన గెలుపు కథ ఎంత మంచి కథో అప్పటిదాకా ఆమెకే తెలియదు.

మొదటి కప్పు తీసుకెళ్లి రాజు గారి ముందు పెట్టి, ఎదురు కుర్చీలో కూర్చుంది.

"ఒక మేడ కడదామా బాబాయ్ గారూ?"

"నాతోనా? సరే, కాసుకో మరి" అని ఆయన ముక్కలు కలిపి పంచారు. డాబు మళ్లీ వచ్చేసింది. చుట్టూ జనం మూగారు. నాలుగు ముక్కలు అటూ ఇటూ పడ్డాక సువర్చలకు ఇస్పేట్ రాణి వచ్చింది. ఆమె కింది అంతస్తులో దాని కోసమే ఖాళీ ఉంచుకున్న చోటు అందరికీ కనిపిస్తోంది. ఆమె ఆ రాణిని తీసి టక్కున పైన పెట్టింది.

రాజు గారి చేతిలో టీ కప్పు ఆగిపోయింది. ముక్కకేసి చూశారు, ఆమె ముఖంకేసి చూశారు. ఆ ముఖంలో చింత లేదు.

"అమ్మాయ్" అన్నారు మెల్లగా, "అది కింద పెట్టుకోవాల్సిన ముక్క."

"పెట్టిన ముక్క తీయకూడదు కదండీ" అంది సువర్చల.